కరెంటు రెండోసారి వచ్చేదాకా

14 సెప్టెంబర్ 2011, బుధవారం

అయిపోయింది. చివరి మాట కూడా రికార్డు చేసేశాను. ఇక "ఆలకింపు" మా మాటలో మాట్లాడుతుంది. హమ్మయ్య.

ఎవరికైనా చెప్పాలని నాలుక దురద పెడుతోంది, చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. ఆఫీసులో పక్క సీటు పిల్లకు చెబితే "అందులో నీకేం వస్తుంది?" అంది. ఏమీ రాదు తల్లీ. చూపు లేనివాళ్ల కోసం, కంప్యూటర్ తెర మీద ఉన్న తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. కొందరం కలిసి తీరిక దొరికినప్పుడు చేస్తాం, ఊరికే ఇస్తాం. ఆ మాట విన్నాక ఆమె నాకేదో జబ్బు ఉన్నట్టు జాలిగా చూసింది.

ఇన్నాళ్లూ ఆలకింపులో ఒకటే గొంతు, ఒకటే తీరు. "మీరు నొక్కిన మీట సరైనది కాదు, దయచేసి పరిశీలించండి" అంటుంది, బడిపంతులు బెత్తం పట్టుకుని నిలబడ్డట్టు. ఇప్పుడు కావాలంటే కొత్త గొంతు పెట్టుకోవచ్చు. అది "గది కాదు, ఇంకోటి నొక్కు, జర చూస్కో" అంటుంది. నల్లగొండ పిల్లకైనా, జనగామ పిల్లవాడికైనా ఇంట్లో మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఆ గొంతు నాది. నా గొంతని సంబరపడటం లేదు. ఎవరి గొంతైనా ఇంతే సంబరపడేదాన్ని.

నిన్నటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. నాన్న పొద్దున డ్యూటీకి పోతూ "అందరు పని బంద్ వెట్టిండ్రు, నేను మాత్రం గేటు కాడ సలాములు కొట్టవడ్తి" అని గొణుక్కున్నాడు. అద్దాల టవరు దగ్గర సెక్యూరిటీ గార్డుకు సమ్మె చేస్తే మర్నాడు ఇంకో గార్డు వస్తాడు. "నీ బదులు నేను చేసిన నాయినా" అనబోయి ఆగాను. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి ఈ గొంతు జనంలోకి పోతుంది, అప్పుడే వినిపిస్తాను.

విడుదల చేయాలంటే భాస్కర్ కూడా సరే అనాలి. మా ప్రాజెక్టు రూలు అది. మేమిద్దరం సరే అంటేనే ఏదైనా బయటికి పోతుంది. అంటాడులే, ఎందుకనడు.

16 సెప్టెంబర్

అనలేదు.

17 సెప్టెంబర్, శనివారం

ఆయన మెయిల్ మొత్తం రెండు ముక్కలు. "కొత్త గొంతు బాగుందండి. కాకపోతే పాత బగ్గులు చాలా ఉన్నాయి కదండి, ముందు అవి చూద్దాం."

ఆ "కదండి" వింటే నాకు ఒళ్లు మండుతుంది. బగ్గులు ఎప్పుడు లేవు? ఒకటి దిద్దితే రెండు వస్తాయి. అన్నీ అయ్యాకే కొత్తది అంటే ఈ జన్మకు కొత్తది రాదు. పైగా మేం ఊరికే పనిచేసేవాళ్లం. ఆఫీసులో పగలంతా ఎవరివో తప్పులు దిద్దీ దిద్దీ ఇంటికొచ్చాక, మళ్లీ తప్పులే దిద్దడానికి ఎవరు కూర్చుంటారు? ఏదైనా కొత్తది కట్టాలనే కదా వస్తారు. పోయినేడు ఈయనగారు పత్రికలు చదివే సౌకర్యం పెట్టినప్పుడు ఈ బగ్గులు లేవా? ఉన్నాయి. అప్పుడు ఎవరూ కదండి అనలేదు.

భాస్కర్‌ది ఏలూరు. గచ్చిబౌలిలో ఉద్యోగం, తెల్లాపూర్‌లో పెద్ద గేటున్న కాలనీలో ఫ్లాట్. రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. మంచివాడనే అనుకున్నాను.

19 సెప్టెంబర్, సోమవారం

ఆర్టీసీ కూడా బంద్. నానక్‌రామ్‌గూడ చౌరస్తాలో షేర్ ఆటో కోసం జాతరలాగా ఉంది. డ్రైవర్ పక్కన సగం గాలిలో కూర్చుని మాదాపూర్ చేరాను. పరవాలేదు. సమ్మె అంటే ఆ మాత్రం ఉండాలి.

మహేందర్ గ్రూపులో ప్రకటించేశాడు. "సద్దుల బతుకమ్మ కానుక, మన గొంతు వస్తున్నది" అని. మహేందర్ మా ప్రాజెక్టులో ఒక్క లైను కోడ్ రాయడు, కానీ ఏ పని ఎప్పుడు పూర్తవుతుందో లోకానికంతా ముందే చెబుతాడు. వినేవాళ్లు పాపం వెంటనే శుభాకాంక్షలు పంపేశారు. నేను అడ్డు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది.

"భాస్కర్ సరే అనలే కదా" అని ఫోన్ చేసి అడిగాను.

"ఎందుకంటడు? వాళ్లకు మన మాట సినిమాల్ల జోకర్ నోట్లెనే మంచిగుంటది" అన్నాడు మహేందర్.

నాకు అంతకుముందు ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు పోవడం లేదు.

21 సెప్టెంబర్, బుధవారం

భవాని ఫోన్. ఎప్పుడు చేసినా ముందు నవ్వుతుంది, తర్వాత మాట్లాడుతుంది. ఇవాళ నవ్వలేదు.

భవానికి పుట్టుకతోనే చూపు లేదు. బాలానగర్‌లో బోరు మోటార్లు తయారుచేసే కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చుంటుంది. మోటారు చెడిపోయిన రైతులు ఫోన్ చేస్తే, వాళ్లు చెప్పేది విని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. ఆలకింపు తను కొట్టింది చదివి వినిపిస్తుంది. దాన్ని నమ్ముకునే ఆ ఉద్యోగంలో చేరింది, ఇంకా టెంపరరీనే.

"అక్కా, కరెంట్ పోయి వచ్చినంక ఆలకింపు నోరు తెరుస్తలేదు. కంప్యూటరేమో నడుస్తున్నదని పక్కన పనిచేసే సక్కుబాయి చూసి చెప్పింది. నాకైతే ఏం వినవడది. అవతల రైతు లైన్ల ఉంటడు, నేనేమో గోడ లెక్క కూసుంట."

"మళ్లీ స్టార్ట్ చేసినవా?"

"బటన్ ఒత్తి పట్టుకుని మొత్తం బంద్ చేసి తెరుస్తున్న. అప్పటిదాంక ఎక్కించింది పోతది. పెద్దాయనను మళ్ల మొదటి నుంచి చెప్పుమంటే తిట్టిండు. ఇదివరకు ఎప్పుడన్న ఒకసారి అయ్యేది. ఇప్పుడు రోజూ."

రోజూ ఎందుకో అడగక్కర్లేదు. బొగ్గు గనుల్లో సమ్మె, కరెంటు కోతలు.

ఆఫీసులో లాప్‌టాప్ నిద్రపుచ్చి లేపాను. ఛార్జర్ పీకి పెట్టాను. ఆలకింపు చక్కగా మాట్లాడింది. ఎన్నిసార్లు చేసినా అంతే. బగ్గుల జాబితాలో దాని కింద "ఇక్కడ రావడం లేదు" అని రాసి దాన్ని మూసేశాను. హమ్మయ్య, మా ప్రోగ్రాంలో లోపం కాదు, వాళ్ల కంప్యూటర్ పాతదై ఉంటుంది.

23 సెప్టెంబర్, శుక్రవారం

భాస్కర్‌తో ఫోన్లో గొడవ.

"భవాని గారి బగ్ మీరు మూసేశారా అండి?"

"మా దగ్గర రావట్లేదు. మీ దగ్గర వస్తోందా?"

"లేదండి. మా కాలనీలో కరెంటు పోయినా తెలియనే తెలియదు, జనరేటర్ ఉంది. అయినా ఆవిడకి రోజూ వస్తోంది కదండి. అది తేలకుండా కొత్త గొంతు వద్దండి."

"అసలు సంగతి చెప్పండి. మా మాట వినడం మీకు ఇష్టం లేదు. అంతేనా?"

"అది కాదు కళ్యాణి గారూ, ఈ గొంతు..." అన్నాడు. నేను పెట్టేశాను.

24 సెప్టెంబర్

నేను అన్నది తప్పేం కాదు. నా గొంతని కాదు. ఎవరి గొంతైనా అదే అనేదాన్ని.

26 సెప్టెంబర్, సోమవారం

భవాని మళ్లీ చేసింది. సద్దుల రోజు, అంటే వచ్చే మంగళవారం, వాళ్ల జనరల్ మేనేజర్ శారదమ్మ గారు వచ్చి పూట మొత్తం పక్కన కూర్చుని పని చూస్తారట. నచ్చితే పర్మనెంట్. లేకపోతే చూపు ఉన్న మనిషిని పెట్టుకుంటామని సూపర్‌వైజర్ ముందే చెప్పాడట. చెప్పడం కూడా ఎంత మర్యాదగా చెప్పాడో, "నీ తప్పేం లేదమ్మా, కరెంట్ తప్పు" అన్నాడట.

"ఆమె కూసున్నప్పుడు కరెంట్ పోకపోతే నేను గెలిచినట్టే అక్కా. కొమురెల్లి మల్లన్నకు మొక్కిన" అంది.

నేను రాసిన ప్రోగ్రాం పనిచేయాలని మల్లన్నకు మొక్కుకునే పరిస్థితి తెచ్చాను. "చూస్తాం భవానీ" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

27 సెప్టెంబర్, మంగళవారం

ఎంగిలిపూల బతుకమ్మ. ఇది రాస్తుంటే ఇంకా చెవులు వేడిగా ఉన్నాయి.

ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. అమ్మ హౌస్‌కీపింగ్ డ్యూటీ ముగించుకుని తంగేడు పువ్వు కోసం ఎక్కడెక్కడో తిరిగింది. ఈ టవర్ల మధ్య తంగేడు దొరకడం కంటే ఉద్యోగం దొరకడం సులువు. ఆట అయ్యాక వాడకట్టు ఆడవాళ్లను అమ్మే ఇంట్లోకి పిలిచింది. "మా కళ్యాణి గొంతు కంప్యూటర్ల వెట్టిండ్రు, విందురు రాండ్రి" అని. నేను వద్దనలేదు. సద్దుల దాకా ఆగలేక అసలు ఆ మాట అమ్మ నోట్లో పెట్టిందే నేను.

ఇంట్లో ఉన్నది ఇంజనీరింగ్‌లో ఉండగా నాన్న వాళ్ల ఆఫీసులో పాత సామాను అమ్మేస్తుంటే కొన్న కంప్యూటర్. కొత్త గొంతు పెట్టాను. "నమస్తే, ఏం చదవాల్నో చెప్పు" అనగానే అందరూ గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. అమ్మ ముఖం చూడాలి. రెండు వాక్యాలు చదివిందో లేదో కరెంటు పోయింది. మా యూపీఎస్ ముసలిది, కాసేపు కీచుకీచుమని కంప్యూటర్‌ను నిద్రపుచ్చేసింది. అందరూ విసనకర్రలతో కూర్చున్నారు. కరెంటు వచ్చింది. తెర వెలిగింది. నా గొంతు రాలేదు.

ఏ మీట నొక్కినా రాలేదు.

పక్కింటి ఎల్లమ్మత్త లేచి కొంగు దులుపుకుంది. "గింతేనా బిడ్డా? తెలంగాణ గొంతు అంటే ఏందో అనుకుంటి. గా పాత గొంతే నయముండె, నడిమిట్ల ఆగకపోవు" అంది. ఆమె పాత గొంతును ఎప్పుడూ విననే లేదు. అయినా అంది. మిగతావాళ్లు కూడా లేచారు.

అమ్మ తలుపు వేసి, "నీ గొంతుకేమైంది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

భవాని రోజూ ఎక్కడ కూర్చుంటోందో ఇవాళ నేను అక్కడ కూర్చున్నాను. చుట్టూ జనం, ఎదురుగా కంప్యూటర్, చప్పుడు లేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

28 సెప్టెంబర్, బుధవారం

భాస్కర్‌కు ఫోన్ చేశాను. బగ్ గురించే. ఇంకే విషయం గురించీ కాదు.

"మీ ఇంట్లో వస్తోందా అండి? నిజంగానా?" పెళ్లి సంబంధం కుదిరినంత ఆనందం. "నేను రావచ్చా అండి? శనివారం?"

రండి అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మా ఇంట్లో మంచి కుర్చీ ఒకటే ఉంది.

29 సెప్టెంబర్

ఇంట్లో ప్లగ్గు పీకి చూశాను. బగ్ రావడం లేదు. మెయిన్ ఆపి వేశాను. రావడం లేదు. ఆలకింపు ప్రతిసారీ "లేచిన, చెప్పు" అంటోంది, వెక్కిరిస్తున్నట్టు. ఉత్తుత్తి కరెంటు కోతకు లొంగదట, నిజం కోతే కావాలట.

1 అక్టోబర్, శనివారం

ఇవాళ్టి రోజు మొత్తం రాయాలి.

భాస్కర్ పొద్దున్నే బండి మీద వచ్చాడు. చేతిలో అరటిపండ్లు. నాన్నకు ఇవాళ వీక్లీ ఆఫ్, మంచం మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఆ పేపర్ నిండా సమ్మె వార్తలే. కుర్చీ భాస్కర్‌కు ఇచ్చి, కంప్యూటర్ పెట్టి, కరెంటు పోవడం కోసం కూర్చున్నాం.

పోలేదు.

రోజూ పొద్దున వంట మధ్యలో ఠంచనుగా పోయే కరెంటు ఇవాళ ఉలకదు పలకదు. ఫ్యాను గిరగిర తిరుగుతూనే ఉంది. అమ్మ అయితే వాకిట్లోకి పోయి తీగల వంక చూసి వచ్చింది. "రోజు నా పానం తీస్తది. ఇయ్యాల సుట్టం వచ్చిండని మర్యాద చేస్తున్నట్టున్నది" అంది. భాస్కర్ నవ్వాడు. అమ్మ ఉప్మా పెట్టింది. కరెంటు ఉంది. చాయ్ ఇచ్చింది. ఉంది. పక్కింటి ఎల్లమ్మత్త వచ్చి సంగతి తెలుసుకుని "కరెంట్ పోవాల్నని ఎదురు సూసెటోళ్లను మిమ్ములనే సూస్తున్న" అని ముక్కు మీద వేలేసుకుంది.

నాన్న ఊరుకుంటాడా. పేపర్ మడిచి అడిగేశాడు. "ఏం సారు, తెలంగాణ ఇయ్యాల్నా, వద్దా?"

నేను కీబోర్డు వైపు తల దించాను.

భాస్కర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మీకు కావాలంటే ఇవ్వాలండి. కాకపోతే మా పాప ఇక్కడే పుట్టింది, నా ఇల్లు ఇక్కడే. ఇస్తే మమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తారేమోనని లోపల కొంచెం భయం ఉందండి" అన్నాడు.

నాన్న పేపర్ పక్కన పెట్టాడు. "భయమెందుకు? నేను గేటు కాడ ఉంట కదా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

ఊరికే కూర్చోలేక భాస్కర్ తన లాప్‌టాప్ తెరిచాడు. అది "లేచిన, చెప్పు" అంది.

అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "గిది మా బిడ్డ గొంతే!"

"అవునండి. కళ్యాణి గారు పంపిన రోజు నుంచి నేను ఇదే వాడుతున్నాను. మా పాప కూడా 'జర చూస్కో' అంటోందండి ఇంట్లో."

"మరి వద్దన్నారెందుకు?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"పాత గొంతు ఆగిపోతే ప్రోగ్రాం పాడైందంటారండి. మీ గొంతు ఆగిపోతే, ఆ భాషే పనికిరాదని అంటారు. మొదటి రోజే ఆ మాట పడకూడదని. ఆ రోజు చెబుదామనుకున్నాను, మీరు ఫోన్ పెట్టేశారు కదండి."

ఎల్లమ్మత్త అచ్చం ఆ మాటే అని పోయింది కదా మొన్న. ఈ "కదండి"కి మాత్రం ఒళ్లు మండలేదు. "సారీ అండి" అన్నాను. ఎప్పుడూ అనని అండి. ఆయన వినిపించుకోనట్టు తెర వైపు తిరిగాడు.

భోజనాలయ్యాక పోయింది కరెంటు. ఇంట్లో అందరం ఒక్కసారే "పోయింది!" అని అరిచాం. యూపీఎస్ కీచుమంది, కంప్యూటర్ నిద్రపోయింది. ఇక మళ్లీ రావడం కోసం ఎదురుచూపు. చెమటలు కారుతున్నాయి, భాస్కర్ చొక్కా తడిసిపోయింది, అయినా కదలడు.

వచ్చింది. తెర వెలిగింది. "లేచి..." అనబోయింది గొంతు. భాస్కర్ ముఖం వాడిపోయింది. "మాట్లాడేస్తోందండి, బగ్ రాలేదు" అంటూ మీట నొక్కబోయాడు.

"ఆగండి, ఇంకా రాలేదు" అన్నాను నేను.

"వచ్చింది కదండి!"

"ఇది కాదు. ఇది పోతది."

నాన్న టీవీ జోలికి పోలేదు, అమ్మ ఫ్రిజ్ ప్లగ్గు పెట్టలేదు. మా వాడకట్టులో ఎవరూ పెట్టరు. మాకు కరెంటు వస్తే ఒకసారి వచ్చి, వెంటనే పోయి, మళ్లీ వస్తుంది. ఆ రెండోది వచ్చాకే ఏదైనా వేస్తాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. జనరేటర్ ఉన్న కాలనీలో ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. నాకు తెలుసు, తెలిసినా ప్లగ్గు వెంటవెంటనే రెండుసార్లు పీకి మాత్రం చూడలేదు.

టప్పున పోయింది. కళ్లార్పేలోపు వచ్చింది. తెర వెలుగుతూనే ఉంది. గొంతు లేదు. భాస్కర్ మీటలన్నీ నొక్కాడు. లేదు.

"బగ్!" అని ఆయన ఎగిరి గంతేశాడు. అమ్మ చప్పట్లు కొట్టింది. నాన్నకు ఏమీ అర్థం కాకపోయినా "ఆఁ, దొరికెనా దొంగ!" అన్నాడు. బగ్ వచ్చిందని ఇంత పండగ చేసుకున్న ఇల్లు ఈ ఐటీ కారిడార్ మొత్తంలో ఇంకోటి ఉండదు.

ఇద్దరం కూర్చుని చూస్తే తేలిపోయింది. కంప్యూటర్ లేవగానే ఆలకింపు మాట్లాడటానికి స్పీకర్‌ను పట్టుకుంటుంది. మాట పూర్తయ్యేలోపే రెండోసారి లేవమని కబురు వస్తుంది. మొదటిది వదలకుండానే మళ్లీ పట్టుకోబోతుంది. రెండూ ఒకదానికొకటి అడ్డుపడి నోరు మూసుకుంటాయి. ఇప్పుడు కావాలంటే ప్లగ్గు రెండుసార్లు టపటపా పీకి బగ్ రప్పించవచ్చు. పీకాం. వచ్చింది. పీకిన ప్రతిసారీ వచ్చింది. నవ్వాగలేదు నాకు.

2 అక్టోబర్, ఆదివారం

భాస్కర్ తన ఇంట్లో, నేను మా ఇంట్లో, ఫోన్ చెవిలో పెట్టుకుని దిద్దాం. పని చిన్నదే. లేవగానే ఆత్రపడకుండా కాస్త ఆగాలి, అంతా కుదురుకున్నాకే నోరు తెరవాలి. మా ఇంట్లో టీవీకి ఉన్న బుద్ధి ప్రోగ్రాంకి నేర్పాం, అంతే. సాయంత్రం దాకా ప్లగ్గు పీకుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

కొత్త గొంతును ఈ విడుదలలో పెట్టవద్దని నేనే అన్నాను. భాస్కర్ ఆశ్చర్యపోయాడు. "బగ్ పోయింది కదండి, ఇప్పుడు పెట్టవచ్చు. మహేందర్ గారు ప్రకటించేశారు కూడా."

నిజమే, పెట్టవచ్చు. కానీ కొత్త గొంతు పెడితే ఇంకేదైనా కొత్త తిప్పలు వస్తాయి, ఎప్పుడూ వస్తాయి. మంగళవారం పొద్దున భవాని పక్కన శారదమ్మ గారు కూర్చుని ఉండగా ఆ తిప్పలు ఆమెకెందుకు? "ఒక్కటే మార్చి పంపుదాం. ఇంకేం వద్దు" అన్నాను. చెప్పడం సులువుగానే ఉంది. చెప్పాక కాసేపు వాకిట్లో నిలబడి వచ్చాను. నా గొంతని కాదు అని రాయబోయాను. నా గొంతనే. కొంచెం బాధగానే ఉంది.

మహేందర్ విరుచుకుపడ్డాడు. "అందరు ఎదురు చూస్తున్నరు. నువ్వే వెనుకకు జరిగితే ఎట్ల? ఆయన నిన్ను తన దిక్కు మలిపిండు."

"ఎవరు మలపలే. మా ఇంట్ల మన గొంతు ఆగిపోతే ఎల్లమ్మత్త ఏమన్నదో ఎరుకనా? గదే మాట సద్దుల నాడు అందరు అంటే నువ్వు జవాబు చెప్తవా?"

ఎల్లమ్మత్త మాట చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం గ్రూపులో తనే రాశాడు, "మన గొంతు జర ఆగి వస్తది, వచ్చినంక ఆగది" అని. మహేందర్‌కు మాటలు మాత్రం బాగా వచ్చు.

3 అక్టోబర్, సోమవారం

పొద్దున విడుదల. ప్రతిసారీ కొత్తగా ఏమేం వచ్చాయో పెద్ద వరస రాస్తాం. ఈసారి నేను రాసింది ఇంతే: "ఇందులో కొత్తదేమీ లేదు. కరెంటు పోయి వచ్చాక ఆలకింపు ఇక ఆగదు." భాస్కర్ చూసి, ఇంతకంటే మంచి విడుదల మనం చేయలేదండి అన్నాడు.

భవాని చేత ఫోన్లోనే పెట్టించాను. సక్కుబాయి యూపీఎస్ ప్లగ్గు పీకి పెడితే రెండుసార్లూ మాట్లాడిందట. కానీ నిజం కరెంటు కోత ఇంకా పడలేదు. రేపటి సంగతి రేపు.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ.

పొద్దున్నుంచి ఏ పనీ చేతికి అంటలేదు. మా ఆఫీసులో దీపాలు ఒక్కసారి కూడా రెపరెపలాడవు. జనరేటర్లు చూసుకుంటాయి. బాలానగర్‌లో ఏమవుతోందో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది? నిన్న ప్లగ్గుతో పనిచేసింది సరే, వాళ్ల కరెంటు మూడోసారి కూడా పోయి వస్తే? అది మేం చూసుకోలేదు. చూసుకోలేదని ఇవాళే తట్టింది. భాస్కర్‌కు మెసేజ్ పెడితే "నేనూ అదే అనుకుంటున్నానండి" అని వచ్చింది. భవానికి చేస్తే స్విచ్ఛాఫ్. శారదమ్మ గారు పక్కన ఉంటే ఆఫ్ చేయక ఏం చేస్తుంది, అనుకున్నాను. అయినా మళ్లీ మళ్లీ చేశాను. మధ్యాహ్నం కూడా స్విచ్ఛాఫ్. మల్లన్నకు నేను కూడా ఒకటి మొక్కాను. భాస్కర్‌కు చెప్పకూడదు.

ఆఫీసు నుంచి బయల్దేరి షేర్ ఆటో ఎక్కుతుండగా మోగింది.

ముందు నవ్వింది. నవ్వగానే నా ప్రాణం కుదుటపడింది.

"అక్కా! పర్మనెంట్! శారదమ్మ మేడం నా చెయ్యి పట్టుకుని చెప్పింది. సక్కుబాయి అయితే ఏడ్సింది, పిచ్చిది. నిజామాబాద్ కాకా ఒకాయన, మోటార్ కాలిపోయిందని మొదలువెట్టి కోడలి కథ దాంక పోయిండు, నేను అంత విని మోటార్ ముచ్చట ఒక్కటే ఎక్కించిన. మేడం పక్కనే కూసుని నవ్వింది. మా అమ్మకు ఇంకా చెప్పలే, నీకే మొదలు చెప్తున్న. ఇగ జీతంల ఫోన్ బిల్ కూడ ఇస్తరట. రేపు లీవ్ అడిగి ఊరికి పోదామంటే బస్సుల్లేకపాయె..."

చెబుతూనే ఉంది. సూపర్‌వైజర్ చాయ్ తెప్పించాడట, తనకు కట్టుకోవడానికి సక్కుబాయి పట్టుచీర ఇచ్చిందట. నేను ఒక్క మాట కోసం వింటున్నాను. ఆలకింపు గురించి ఒక్క ముక్క లేదు. చివరికి ఆగలేక నేనే అడిగాను.

"భవానీ, మేడం కూసున్నప్పుడు కరెంట్ పోలేదా?"

"పోయింది అక్కా. వచ్చింది" అంది. "ఇంతకు అక్కా, షేర్ ఆటోలు జనగామ దాంక పోతున్నయా?"

ఉప్పల్ దాకా పోతే అక్కడ దొరుకుతాయని చెప్పాను. ఫోన్ పెట్టేశాక నా ఒళ్లంతా తేలికైపోయింది. పక్కన కూర్చున్న ఆమె "ఏమైందమ్మా, ఏడుస్తున్నవ్?" అని అడిగింది. "ఏం కాలేదమ్మా, ఏమీ కాలేదు" అన్నాను. భాస్కర్‌కు కూడా అదే పంపాను, ఏమీ కాలేదండి అని.